ఎర్మెలిందా జెండా ఎగరేసిన రోజు

మా మువలాసి సంతలో అలసంద పిండితో బజియాలు వేయించి అమ్మే ఎర్మెలిందా నోటికి జడవని మనిషి లేడు. అంతర్యుద్ధం సాగినన్నాళ్లూ ఊళ్లో ఉన్న ప్రభుత్వ సైన్యాన్నీ, అడవిలోంచి వచ్చిపడే తిరుగుబాటు దళాలనీ అవే తిట్లు తిట్టింది. ఆమె ఇల్లు కాల్చింది సైన్యం, తమ్ముడు జెరెమియాస్‌ని మూటలు మోయించడానికి పట్టుకుపోయింది దళాలవాళ్లు. అతను మళ్లీ రాలేదు.

రోములో శాంతి ఒప్పందం మీద రెండు పక్షాల సంతకాలయ్యాయని రేడియో చెప్పాక, మా ఊళ్లోనూ జెండా ఎగరేసి యుద్ధం ముగిసిందని చాటాలన్నారు. జెండా తాడు తానే లాగాలని ప్రభుత్వం తరఫు అడ్మినిస్ట్రేటర్ అబిలియు పట్టు. తమవాడు లాగకపోతే అడవి వదిలి వచ్చేది లేదని దళాల కమాండర్ న్యాంగుంబె పంతం. ఇద్దరి మధ్యా రాజీ కుదర్చలేక చర్చి ఫాదర్ విసిగిపోయాడు.

"ఏ పక్షమూ కాని మనిషిచేత లాగించండి."

"అలాంటి మనిషెవరు ఫాదర్?"

"మిమ్మల్నిద్దర్నీ సమానంగా తిట్టింది ఎర్మెలిందా ఒక్కతే."

ఇద్దరూ కలిసే వెళ్లి అడిగారు.

"రేపు సంత నాయనా!" అంది ఆమె. "మీ యుద్ధంతో నా బేరాలు పోయాయి. ఇప్పుడు మీ శాంతితోనూ పోవాలా?"

"మైదానంలోనే పొయ్యి పెట్టుకో అమ్మా, జనమంతా అక్కడే ఉంటారు" అని న్యాంగుంబె బతిమాలాడు.

మర్నాడు జెండా కర్ర పక్కనే మూకుడు పెట్టింది. చర్చి బ్యాండు జాతీయగీతం అందుకుంది. రెండు సైన్యాలూ సెల్యూట్ చేశాయి. మూకుట్లో ఒక వాయి అప్పుడే ఎర్రబడుతోంది. ఎర్మెలిందా బావిలోంచి చేద లాగినట్టు నాలుగు లాగులు లాగింది. జెండా కొసకు చేరింది. తాడు ముడేసి పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. బ్యాండు ఇంకా మొదటి చరణంలోనే ఉంది.

అబిలియు పెదవి కదపకుండా గొణిగాడు: "పాట అయ్యేదాకా మెల్లగా లాగాలమ్మా!"

"మాడినవి నువ్వు కొంటావా?"

ముందు న్యాంగుంబె భుజాలు నవ్వుతో కదిలాయి. తర్వాత అబిలియు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు రెండు వరుసల సైనికులకూ పాకి, బాకా ఊదేవాడికి ఊపిరందక పాట మధ్యలో తెగింది.

బజియాలు దించాక ఎర్మెలిందా తలెత్తి చూసింది. పక్కనే ఉన్న నాతో అంది: "మా జెరెమియాస్ ఉంటే మెల్లగా లాగేవాడు. వాడికి అన్ని పనులూ నిదానమే." తర్వాత చాలాసేపు ఎవర్నీ తిట్టలేదు.

మరుసటేడు మళ్లీ పిలిస్తే రానంది. "ఎల్లకాలం నేనే లాగుతానా? మీరే నేర్చుకోండి."

అబిలియు, న్యాంగుంబె ఇద్దరూ కలిసి తాడు పట్టుకున్నారు. ఒకరు లాగిన వైపు ఇంకొకరు లాగకపోవడంతో జెండా సగంలో ఇరుక్కుపోయింది. చివరికి ఫాదరే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కింద నిచ్చెనను మాత్రం ఆ ఇద్దరూ గట్టిగా పట్టుకున్నారు.