పాఠ్యపుస్తకంలో లేని ఊరు

మా పొలిటికల్ సైన్స్ మేడం ఇక లేరని మొన్న ఉదయం ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. పులివెందులలో నేను పాఠం చెప్పడానికి బయలుదేరుతున్నాను. ఆ రోజు క్లాసు మానలేదు. మానితే ఆమె తిట్టేవారు.

మా డిగ్రీ రోజుల్లో రాజనీతిశాస్త్రమంటే బ్రిటన్ మంత్రివర్గం, అమెరికా సెనేట్. బట్టీపట్టి పాసయ్యేవాళ్లం. ఒకరోజు మేడం పుస్తకం మూసి నన్ను లేపారు. "దీంట్లో లండన్ ఉంది, వాషింగ్టన్ ఉంది. మీ ఊరు యాడుందిమ్మే?"

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. సెలవుల్లో ఊళ్లకు పోయి, ఓటు గురించి పదిమందిని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకు రమ్మన్నారు.

పెద్దముడియం దగ్గర మా పల్లెలో మొదట మా అవ్వనే అడిగాను. "నేను పొయ్యేలోపల నా ఓటు ఎవురో ఏసేసినారు. ఎండలో నిలబడే పని తప్పిందిలే అనుకుంటి" అంది. ఆ మాట రాయొద్దని నాన్న బతిమాలాడు. రాశాను.

నెల తిరక్కుండానే మా ఊరి పెద్దమనిషి ఒకాయన కాలేజీకి వచ్చాడు. నేను మేడం కుర్చీ వెనక్కి చేరాను.

"ఏంది మేడం, పిల్లోల్లతో ఏం రాయిస్తాండారు?"

"కూచోప్పా. నీ మాట లేకుంటే ఇది సగమే. చెప్పు, రాసుకుంటా" అంటూ ఆమె కాగితం ముందుకు లాక్కున్నారు. ఎవరి పేరూ రాయనని మాటిచ్చారు. గొడవకు వచ్చిన మనిషి గంటసేపు చెప్పిపోయాడు. పేర్లు రాయనన్న మాట ఆమె తప్పలేదు.

మేము తెచ్చినవన్నీ కలిపి రాసిన వ్యాసాన్ని మేడం ఒక యూనివర్సిటీ సదస్సులో చదివారు. "ఇందులో సిద్ధాంతం ఏదమ్మా?" అని ఒక ప్రొఫెసర్ అడిగారట. ఆ సంగతి మాకు చెబుతూ, "ఆయన అడిగింది తప్పు కాదు. మనం ఇంగా శానా ఊళ్లు తిరగాల" అన్నారు. ఆ వ్యాసం అచ్చు కాలేదు. అయినా రిటైరయ్యేదాకా ఏటా పిల్లల్ని ఊళ్లకు పంపారు. ఇప్పుడు జమ్మలమడుగు పల్లెల రాజకీయాల మీద పరిశోధన చేసేవాళ్లు పిల్లలు రాసుకొచ్చిన ఆ నోటుబుక్కుల కోసం వెతుక్కుంటూ వస్తున్నారు.

పోయినేడు మేడం నా క్లాసుకు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. వీరపునాయునిపల్లె అమ్మాయి ఒకతె, వార్డు మెంబరైన వాళ్లమ్మ గురించి చెబుతోంది. ఇన్నాళ్లూ పంచాయతీ మీటింగులకు నాన్నే పోయేవాడట, ఈసారి అమ్మ తనే బయలుదేరిందట. ఇంతలో గంట కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. మేడం మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ముందుకు వంగి, ఆ అమ్మాయి ముఖంలోకే చూస్తూ అడిగారు:

"ఆపొద్దమ్మే. లోపలికి పొయినాంక మీయమ్మ యాడ కూచునింది?"