పేరు చెప్పని పసరు

ఆకులో పసరు నింపిన నారాయణుడికి నమస్కారం. అడిగిందే ఇచ్చిన రోజులకూ, కాళ్ళ మీద పడి ఏడ్చినా ఇవ్వని రోజుకూ స్తుతి ఆయనకే. ఇక్కడ రాస్తున్నది ఇవ్వని రోజు సంగతి. అందుకే దండం ముందే పెట్టుకుంటున్నాను.

నా చిన్నప్పుడు, అంటే తొంభైల మొదట్లో, శంషాబాద్ చుట్టూ ఇంకా జొన్నచేలు ఉండేవి. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపంతా అప్పుడు గట్లు, బండలు, తుమ్మచెట్లు. మా అమ్మమ్మ ఊరు అక్కడికి దగ్గర. నేను ఆమె దగ్గరే ఉండి బడికి వెళ్ళేదాన్ని. మా తాతయ్య రామాలయంలో భజన నడిపేవాడు, ఏకాదశులకు పురాణం చదివి అర్థం చెప్పేవాడు. నాకు అక్షరాలు బడిలో వచ్చినా, భక్తి ఆయన పక్కన చాప మీద కూర్చునే వచ్చింది. అమ్మమ్మకు చదువు రాదు. ఆమె ఆకుమందు ఇచ్చేది.

ఆ మందుకు ఒక కట్టుబాటు ఉండేది. ఏ ఆకుతో చేశారో ఎవరికీ చెప్పకూడదు. పేరు బయటపడితే ఆకులో గుణం పోతుందని, చెప్పినవాళ్ళ హస్తవాసి కూడా పోతుందని మా వైపు అందరి నమ్మకం. పుచ్చుకునేవాళ్ళు అడగరు, ఇచ్చేవాళ్ళు చెప్పరు. మందు ఇచ్చే ఇద్దరు ఎదురుపడినా ఒకరినొకరు అడిగేది లేదు. అది మర్యాద.

అందుకని అమ్మమ్మ నాకు పేర్లు లేకుండానే ఆకులు నేర్పింది. వానలు పడ్డాక గట్ల వెంట తీసుకుపోయి, ఒక ఆకు తుంచి నా నాలుక మీద పెట్టేది. చేదా, వగరా, కారమా చెప్పమనేది. నేను ముఖం చిట్లిస్తే నవ్వేది. "చేదు పైత్యాన్ని దించుతది బిడ్డా. వగరు కారేదాన్ని ఆపుతది, నెత్తురైనా సరే, నీళ్ళ విరేచనమైనా సరే. కారం గొంతుల కఫాన్ని కోస్తది," అని చెప్పేది. ఒకే ఆకు ఒకరికి చలువ చేస్తే ఇంకొకరికి నొప్పి తెస్తుందనీ, పసిపిల్లకు, బాలింతకు, ముసలివాళ్ళకు మోతాదు వేరనీ చెప్పేది. పదేళ్ళకే నాకు ఏ ఆకు ఏం చేస్తుందో కొంత తెలుసు. పేరు మాత్రం ఒక్కదానిదీ తెలియదు. దగ్గాకు, వాపాకు, దెబ్బాకు అని నేనే మనసులో పిలుచుకునేదాన్ని.

ఆ ఏడు మా చిన్నమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమె ఉంటే ఇల్లు ఊరికే ఉండేది కాదు. తాతయ్య భజన పాడుకుంటూ తాళం తప్పితే వంటింట్లోంచి చప్పట్లు కొట్టి సరిచేసేది. నెలలు నిండుతున్న కడుపుతో కూడా వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఆటపట్టించేది. ఒక పొద్దున ఆమె నాకు జడ వేస్తుంటే అద్దంలో ఆమె కళ్ళు చూశాను. తెల్లగుడ్డు పసుపు నీళ్ళలో ముంచినట్టు ఉంది. అమ్మమ్మను పిలిచాను. అమ్మమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, గోళ్ళు చూసి, గట్టు వైపు వెళ్ళిపోయింది.

శంషాబాద్‌లో డాక్టర్‌కు కూడా చూపించారు. ఆయన ఆలస్యం చేయకుండా పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. ఇంట్లో అందరూ తల ఊపారు. కానీ కామెర్లకు దవాఖానలో మందు లేదు, ఆకుమందే మందు అనే మాట మా వైపు ఎంత బలంగా ఉండేదంటే, కొద్ది రోజులు చూసి పోదామనుకున్నారు.

అమ్మమ్మ రోజూ తెల్లవారుతూనే పరగడుపున ఆకు నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. మామూలు మనిషికి ఇచ్చేదాంట్లో సగమే. "రెండు ప్రాణాలు గద, ఆకు ఒక్కదాన్నే చూసి పనిజెయ్యదు," అంది. దాంతోపాటు పథ్యం. నూనె లేదు, కారం లేదు, పులుపు లేదు.

చిన్నమ్మ గిన్నె చూసి ముక్కు మూసుకునేది. "అమ్మా, నువ్వు మందిస్తున్నవా, చిన్నప్పటి పగ తీర్చుకుంటున్నవా?"

"నోర్మూసుకొని తాగే."

"నోరు మూసుకుంటే ఎట్ల తాగాలె? ఈ చప్పిడి కూడు తింటే లోపలున్నోడు అలిగి బయటకే రాడు, చూస్కో."

మేమంతా నవ్వాం. ఆమె నవ్వు నేను విన్నది ఇంచుమించు అదే ఆఖరు.

పసుపు తగ్గలేదు. చూడడానికి వచ్చిన ఆమె అత్తగారు కోడలిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచి మనిషి, కోడలంటే ప్రాణం. కందుకూరు అవతల ఒక పల్లెలో కామెర్లకు పసరు పోసే ఆయన ఉన్నాడని, ఆదివారం, గురువారం మాత్రమే పోస్తాడని, తమ బంధువుల్లో ఎందరికో తగ్గిందని చెప్పింది. అమ్మమ్మకు ఇష్టం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆడపిల్ల అత్తగారి మాట, పైగా తన మందుతో తగ్గలేదు. ఏ ముఖం పెట్టుకుని వద్దంటుంది? గురువారం తెల్లవారుజామున చిన్నాయన, అంటే చిన్నమ్మ భర్త, కిరాయి జీపు తెచ్చి అత్తాకోడళ్ళిద్దరినీ తీసుకుపోయాడు.

తిరిగి వచ్చాక అమ్మమ్మ చిన్నమ్మను మంచం మీద పడుకోబెట్టి, నోరు తెరవమని వాసన చూసింది.

"ఎట్లున్నదే పసరు?"

"ముందు మంట మంటగ. తర్వాత జర తీపి."

జీవితమంతా నాలుకతో ఆకులను గుర్తుపట్టిన మనిషి, ఆ రుచి ఏ ఆకుదో పోల్చుకోలేకపోయింది. పల్లెకు మనిషిని పంపి అడగడానికి మర్యాద అడ్డం వచ్చింది. సాయంత్రానికి చిన్నమ్మకు వాంతులు మొదలయ్యాయి, విరేచనాలు కూడా. అత్తగారు మాత్రం, లోపలి విషం పోతోందని, ఆయన ముందే చెప్పాడని ధైర్యం చెప్పింది. మర్నాడు పొద్దున చిన్నమ్మ లేవలేదు. కదిపితే కళ్ళు తెరిచి నన్నే తన అక్క పేరుతో పిలిచింది. అప్పుడు అందరికీ భయం పుట్టింది. అదే జీపులో పట్నం బయలుదేరాం. నన్ను ఇంట్లో వదలడానికి ఎవరూ లేక వెంట తీసుకుపోయారు. తాతయ్య దారి పొడుగునా నామం చేస్తూనే ఉన్నాడు. ఆయనతో కలిసి నేనూ గొంతు పోయేదాకా చేశాను.

దవాఖానలో డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. చిన్నమ్మను చూసి లోపలికి పంపించేసి మా దగ్గరకు వచ్చింది.

"నాటు మందులు ఏమైనా ఇచ్చారా? కోప్పడను. దాచకుండా చెప్పండమ్మా, మాకు చాలా అవసరం."

"ఏం ఇయ్యలేదమ్మా," అంది అత్తగారు వెంటనే. అబద్ధం చెప్పాలని కాదు. చెబితే పసరు పని చేయడం ఆగిపోతుందని ఆమె భయం. కోడలి ప్రాణం ఆ పసరులోనే ఉందని ఆమె గట్టిగా నమ్మింది.

అమ్మమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. తర్వాత అంది, "ఇచ్చినం. నేనిచ్చింది నేల ఉసిరి. ఆకు, వేరు నూరి మజ్జిగల. సగం మోతాదు."

మందు పేరు ఆమె నోట నేను వినడం అదే మొదలు. అంత పెద్ద రహస్యం ఇంత చిన్న పేరా అనిపించింది. మా గట్ల మీద కాళ్ళ కింద తొక్కే మొక్కే అదని తర్వాత తెలిసింది. అత్తగారు ఆమె చీర కొంగు పట్టి లాగింది. "వదినె, పేరు చెప్తివి," అంది నెమ్మదిగా, ఏడుపు గొంతుతో.

డాక్టరమ్మ రాసుకుని, "ఇంకా?" అంది. పసరు సంగతి అమ్మమ్మే చెప్పింది. అది ఏమిటో తెలియదని, ముందు మంట, వెనక తీపి అని మాత్రం తెలుసని చెప్పింది.

"రుచిని పట్టుకుని నేనేం చెయ్యగలనమ్మా? ఎవరైనా వెళ్ళి అడిగి రండి," అంది డాక్టరమ్మ.

చిన్నాయన ఎవరి స్కూటరో అడిగి తీసుకుని అంత దూరం వెళ్ళాడు. పసరు పోసే ఆయన కాళ్ళ మీద పడ్డాడట. ఆయన కూడా కంటతడి పెట్టాడట. కానీ చెప్పలేదు. "నా గురువు చేతుల చెయ్యేసి ఒట్టు పెట్టిన. ఇగ పేరు చెప్తే రేపటి సంది ఒక్కనికి గూడ పనిజెయ్యదు. నీ ఒక్క ఇంటి కోసం ఇంతమంది నోట్ల మన్ను కొట్టమంటవా కొడుకా?" అన్నాడట. బొట్టు పెట్టమని కుంకుమ పొట్లం ఇచ్చి పంపాడు. మోసగాడు కాదాయన. మా అమ్మమ్మ నమ్మిందే ఆయనా నమ్మాడు. ఆయన ఆ ఒట్టు దాటలేకపోయాడు.

కుంకుమ పొట్లంతో చిన్నాయన మెట్లెక్కేసరికి చిన్నమ్మ లేదు. లోపలి బిడ్డ కూడా లేడు.

పసరు వల్ల పోయిందా, రోగం వల్ల పోయిందా అని తాతయ్య అడిగాడు. డాక్టరమ్మ, తొమ్మిదో నెలలో కామెర్లు ముదిరితే తమ చేతుల్లోనూ ఎక్కువ ఉండదని చెప్పింది. ఆ పసరు ఏదో తెలిస్తే ఒక దారి వెతికేదాన్నేమో, వెతికినా దొరికేదో లేదో అంది. మాకు దక్కిన జవాబు అంతే. ఇన్నేళ్ళకూ అంతే.

తర్వాతి రోజుల్లో ఇంకో బాధ వచ్చి పడింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. "దవాఖానల పేరు బయటపెట్టిందట. గుణం పోయింది. గందుకే పిల్ల పోయింది." అమ్మమ్మ లోపల వింటూనే ఉండేది. కొట్లాడలేదు. ఆ తర్వాత ఆమె దగ్గరకు మందుకు ఎవరూ రాలేదు. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆమె కూడా సగం అదే నమ్మింది. తను నోరు విప్పడం వల్లే కూతురు పోయిందేమో అన్న అనుమానం ఆమెను పోయేదాకా విడవలేదు.

మైల తీరాక వచ్చిన ఏకాదశికి తాతయ్య భజనకు తాళాలు తీశాడు. అమ్మమ్మ గడప దగ్గర కూర్చుని, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది: "నువ్వు దినాం ఆయన పేరు ఊరంత వినేటట్టు చెప్తవు గద. ఆయన గుణం ఏమన్న పోయిందా?"

తాతయ్య తాళాలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు భజనకు వెళ్ళలేదు.

వానలు మళ్ళీ వచ్చాక అమ్మమ్మ నన్ను గట్టు మీదికి తీసుకుపోయింది. ఈసారి ఆకు నాలుక మీద పెట్టి రుచి అడగలేదు. తుంచి చేతిలో పెట్టి, పేరు పైకే చెప్పింది. ఇది కుప్పింటాకు, దగ్గు కఫాన్ని తెస్తది, ఎక్కువైతే కక్కిస్తది. ఇది గలిజేరు, వాపు దించుతది. ఇది వావిలి, ఒళ్ళు నొప్పులకు కాపడం. ఇది తిప్పతీగ, విడవని జ్వరానికి. ప్రతిదానికీ, ఎక్కడిదాకా పని చేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పింది. దూరంగా పొలంలో మనుషులున్నారు. వాళ్ళు వింటారని కూడా గొంతు తగ్గించలేదు. నేల ఉసిరి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆమె కింద కూర్చుండిపోయింది. పేరు రాలేదు. నేనే అన్నాను.

అమ్మమ్మ, "నేను చెప్పింది తప్పో ఒప్పో దేవునికెరుక బిడ్డా," అంది. "గుణం పోతే పోనీ. దవాఖానల అడిగినప్పుడు నువ్వు మాత్రం దాచకు."

ఇప్పుడు మా భజన మండలికి నేనే పెద్దదాన్ని. ఎన్నో పురాణాలు విన్నాను, చెప్పాను. అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు నాకు తెలుసని సభలో అందరికీ చెబుతుంటాను. ఆయన నామం ఎందరు పలికినా తరగదని నేను నమ్ముతాను, ప్రాణంగా నమ్ముతాను. అయినా ఆ జీపులో మేం గొంతు పోయేలా పలికిన నామం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడాన్ని కూడా ఆయన పాదాల దగ్గరే పెట్టి రోజూ లేస్తున్నాను.

ఎవరైనా ఆకు అడిగితే నేను ముందు పేరు చెబుతాను. ఏం చేస్తుందో, ఏం చేయలేదో చెబుతాను. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆకు ఇవ్వను, వెంట వెళ్ళి దవాఖాన గడప దాటిస్తాను. అక్కడ ఇంతకుముందు ఏం వాడారని అడిగితే, వాళ్ళు తల దించుకున్న చోట నేను నోరు విప్పుతాను. విప్పిన ప్రతిసారీ, ఏదో ప్రాణం నా మాటతోనే పోతుందేమోనని భయపడతాను. ఆ భయం మా అమ్మమ్మది. ఆ రోజు నుంచి అది నాది.

చదువుతున్న మీరు ఏ పేరుతో ఆయనను పిలిచినా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి అడగండి. స్వామీ, పేరు చెప్పలేక ఊరుకున్నవాళ్ళను క్షమించు. చెప్పి కుమిలిపోయినవాళ్ళకు, నీ దగ్గరైనా, ఆ బరువు దించు.