మాచిపత్రి మచ్చలు

నా కుడి జబ్బ వెనకాల కందిబద్దంత మచ్చలు ఓ గుప్పెడుంటాయి. మోకాలి కింద ఇంకో రెండు. ఇంటికొచ్చిన కొత్తలో వీపు రుద్దుతూ మా చెల్లెలు వాటిని చూసి గొల్లుమంది. మస్కట్‌లో నన్నేదో చేసేసేరని దాని ఏడుపు. ఎవరూ ఏమీ చెయ్యలేదే తల్లీ, మందు వేసేరు అన్నాను. నమ్మలేదు. ఎవరూ నమ్మరు. నిజం చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది గాని ఒక్కళ్ళ చెవికీ ఎక్కలేదు. అందుకే ఇలా రాసి పెడుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

మాది గోదావరి పక్క లంక ఊరు. ఒమన్‌లో ముందు ఖురియాత్‌లో ఒక అరబ్బుల ఇంట్లో చేసేను. అక్కడ వచ్చిన పెద్ద తుఫానుకి ఇల్లంతా బురదైపోతే, ఆ బురద ఎత్తీ, తడిసిన తివాచీలు డాబా మీదకి మోసీ కుడి జబ్బ పట్టేసింది. చెయ్యి భుజం దాటి లేచేది కాదు. జడ కూడా నేనేసుకోలేకపోయేదాన్ని. మరుసటేడు మస్కట్‌లో ఒక జపాను వాళ్ళింట్లో కుదిరినప్పుడు ఈ సంగతి కడుపులోనే దాచుకున్నాను. చెయ్యి లేవని పనిమనిషిని ఎవరుంచుకుంటారు? టికెట్టు చేతిలో పెట్టి పంపించెయ్యరూ?

ఆ ఇంట్లో ముగ్గురే. సార్ ఒక కంపెనీలో ఇంజనీరు, నా వీసా కూడా ఆ కంపెనీ తీసిందే. మేడమ్‌కి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకూ అంతే, అందుకని ఇద్దరికీ బాగానే కుదిరేది. మూడో మనిషి సార్ వాళ్ళమ్మ. పెద్దాయన పోయాక కొడుకు దగ్గరకొచ్చి ఉంటోంది. పిట్టంత మనిషి. నేను మామ్మగారూ అనేదాన్ని, ఆవిడ పలికేది.

బట్టలారేస్తుంటే ఆవిడ కిటికీలోంచి చూసేదని నాకు తెలీదు. ఓరోజు నేను తడి దుప్పటి ఎడంచేత్తో దండెం మీదకి విసురుతుంటే వచ్చి, నా కుడి మోచెయ్యి పట్టుకుని మెల్లిగా పైకెత్తింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఇంక ఈ ఇంట్లో నా ఉప్పు తీరిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి చాప మీద కూర్చోమంది. మేడమ్ గుమ్మంలో నిలబడి, మామ్మగారు వాళ్ళ దేశంలో సూదులు గుచ్చి, ఆకు కాల్చి వైద్యం చేసేదని, దానికి చదువూ పరీక్షా సర్కారు లైసెన్సూ అన్నీ ఉన్నాయని చెప్పింది. సూదులంటే నాకు ఇంజక్షన్లే తెలుసు. వద్దందామనుకున్నాను. యజమాని తల్లి కూర్చోమంటే పనిమనిషి వద్దంటుందా? కూర్చున్నాను.

సూదులేమో తలవెంట్రుకంత సన్నం. చిన్న గొట్టంలో సూది పెట్టి, గొట్టాన్ని చర్మానికి ఆనించి, పైన చూపుడు వేలితో టకటకమని తట్టేది. గుచ్చుకుందో లేదో కూడా తెలిసేది కాదు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. తర్వాత ఒక రేకు డబ్బా తీసింది. అందులో పసుప్పచ్చగా, దూదిలాంటిది. కాస్త గిల్లి, వేళ్ళ మధ్య నలిపి, బియ్యపు గింజలో సగం చేసి నా జబ్బ మీద నిలబెట్టి, అగరొత్తితో అంటించింది. ఆ పొగ ముక్కుకి తగలగానే నేను ఉలిక్కిపడ్డాను. మాచిపత్రి! వినాయకుడికి పత్రిలో మొట్టమొదట వేసే ఆకు. మేం మరువంతో కలిపి కట్టి జడలో పెట్టుకునే ఆకు. సముద్రాలు దాటి వచ్చి నా వీపు మీద కాలుతోంది.

ఆకు తెలిసిందే గాని నిప్పు నిప్పే కదా. నాకు చిన్నప్పుడు కామెర్లొస్తే మా నాయనమ్మ మణికట్టు మీద వాత పెట్టించింది. అరవకు, కదలకు, కదిలితే మందు పారదు అని నా నోరు తన అరచేత్తో మూసింది. నేను అరవలేదు. జబ్బు తగ్గింది. నువ్వు ఓర్చుకున్నావు గనకే తగ్గిందే అని ఆవిడ పోయేదాకా నలుగురికీ చెప్పుకుంది. కాల్చే మందంటే నాకు తెలిసిన పద్ధతి అది.

మామ్మగారి పద్ధతి వేరు. జబ్బకే కాదు, ఒంటికి సత్తువని మోకాలి కింద కూడా పెట్టేది. గింజ సగం కాలేసరికి వంగి "అత్సుయ్?" అని అడిగేది. వేడిగా ఉందా అని. ఉందంటే చాలు, రెండు వేళ్ళతో ఆర్పేస్తుందని మేడమ్ మొదటిరోజే చెప్పింది. నేను విన్నాను. వినీ తల అడ్డంగా ఊపేదాన్ని. వేడి కాదు మహాప్రభో, మండిపోతుంటే పళ్ళబిగువున కూర్చునేదాన్ని. మంచి మందు, సగంలో ఆర్పేస్తే పాడైపోదూ? ఆవిడేమో నాకు వేడే తెలీట్లేదు, లోపల చలి బాగా పట్టేసిందనుకుని, తెలిసేదాకా మందు పట్టదని, అక్కడే ఇంకో గింజ పెట్టేది. నేను ఇంకోసారి తల అడ్డంగా ఊపేదాన్ని. ఇలా ఒకళ్ళనొకళ్ళం బాగుచేసుకున్నాం.

చెయ్యి మాత్రం లేచింది. అబద్ధమాడను. వానలు పడే రోజుల్లో మా ఊళ్ళో కాలవ పొంగినట్టు ఒక్కసారిగా రాలేదు, రోజుకింత, రోజుకింత. ఒకనాడు రెండు చేతుల్తో దుప్పటి విదిలించి దండెం మీద వేసేను. వెనక్కి తిరిగితే కిటికీలో మామ్మగారు తన రెండు చేతులూ పైకెత్తి చూపిస్తోంది. ఆ సాయంత్రం నేను చారు పెట్టి ఇస్తే కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మొత్తం తాగింది. ఇంతకంటే సుఖంగా నేను గల్ఫ్‌లో ఎక్కడా లేను. ఈ ఇల్లు చాలు, ఈవిడ చల్లగా ఉంటే చాలు అనుకునేదాన్ని.

వినాయకచవితి వచ్చింది. మస్కట్‌లోనే, రువీలో ఒక తెలుగు ఇంజనీరుగారింట్లో పూజ. ఆయన భార్య మనసున్న మనిషి, చిక్కుల్లో పడ్డ మన ఆడవాళ్ళకి తిండీ గుడ్డా చూసి, ఇళ్ళకి ఫోన్లు చేయించేది. నేను ఉండ్రాళ్ళు చెయ్యడానికి పొద్దున్నే వెళ్ళేను. పూజ దగ్గర మాచిపత్రి దొరకలేదని, ఉన్న ఆకులతోనే కానిచ్చేద్దామని అనుకుంటున్నారు. మా మామ్మగారి డబ్బాలో ఉందండీ అని నోటిదాకా వచ్చింది. ఆవిరికి చెమటలు పట్టి పమిట ఎగదోసుకున్నాను. వెనకాల ఇంజనీరుగారి భార్య చేతిలో పళ్ళెం ఠంగుమని పడింది.

నన్ను పడగ్గదిలోకి లాక్కుపోయి తలుపేసింది. రవిక కిందకి లాగి చూసి, మంచం మీద కూలబడి ఏడ్చింది. కాల్చేరా అని అడిగింది. కాల్చేరండి, కానీ మందండీ అన్నాను. ఆ మొదటి మాట ఒక్కటే ఆవిడ చెవిలో పడింది.

"మందని చెప్పమన్నారా అమ్మా నీకు?"

దానికేం జవాబు చెప్పాలి? అవునంటే ఒక తంటా, కాదంటే ఇంకో తంటా. చెయ్యి పైకెత్తి చూపించేను, చూడండి తగ్గింది అన్నాను. ఎంత భయపెట్టేరో పాపం అని ఆవిడ నా తల నిమిరింది. అలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళని ఆవిడ చూసింది, ఇస్త్రీపెట్టె మచ్చలు, సిగరెట్టు మచ్చలు. వాళ్ళు కూడా మొదట్లో పొయ్యి తగిలిందనే చెప్పేవారట. మరి ఆవిడ తప్పేముంది? నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా వీపు సంగతి నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసన్నట్టు ఫొటోలు తీసింది. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ధైర్యంగా ఉండు, నేనున్నాను అంది.

ఫొటోలు ఎవరెవరి చేతులు మారేయో తెలీదు గాని, కొన్నాళ్ళకి కంపెనీ ఆఫీసు నుంచి ఇద్దరొచ్చేరు. వీసా పనులు చూసే ఒమనీ పెద్దాయన ఒకడు, హిందీ వచ్చిన గుమాస్తా ఇంకొకడు. సార్‌ని సైట్ నుంచి పిలిపించేరు. ఇంటివాళ్ళని బయటికి పంపి నన్ను అడిగేరు. ఎవరు కాల్చేరు? మామ్మగారు. బలవంతంగానా? కాదు. భయమా? లేదు. ఈ ఇంట్లోనే ఉంటావా? ఉంటాను, ఉంటాను. రెండుసార్లు ఉంటానన్నందుకు గుమాస్తా నా వంక జాలిగా చూసేడు. నిజం ఎంత గట్టిగా చెబితే అంత అబద్ధంలా వినబడుతోంది. గొంతు తగ్గిస్తే భయం, పెంచితే ఇంకా భయం.

ఒమనీ పెద్దాయన మాత్రం నా మోకాలి కింద మచ్చ చూసి నవ్వేడు. తన తెల్ల చొక్కా చెయ్యి పైకి లాగి, మణికట్టు మీద పాత వాత చూపించేడు. బహ్లా పక్కన వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు కడుపునొప్పికి ఇనుం కాల్చి పెట్టేరట. నేను గబగబా నా మణికట్టు చూపించేను. రెండు మణికట్టులూ పక్కపక్కన. హమ్మయ్య, ఒక్కడైనా దొరికేడు అనుకున్నాను. ఆయన సార్‌ని పిలిచి, తనకి అర్థమైందని, కానీ మాట పైకి వెళ్ళిపోయిందని, ఇంక ఈ ఇంట్లో నిప్పు వైద్యం జరగకూడదని చెప్పేడు. అంతకంటే తన చేతిలో ఏమీ లేదన్నాడు.

సార్ ఆ ఇద్దరికీ వంగి దణ్ణం పెట్టేడు. తర్వాత నాకేసి తిరిగి నాకూ వంగేడు. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆ రాత్రే ఫోన్లో ఆయన ఎవరితోనో మాట్లాడేడు. మామ్మగారిని జపానులో కూతురి దగ్గరికి పంపించేస్తున్నారని తెల్లారి మేడమ్ చెప్పింది. ఎంతమందిని బాగుచేసిన చేతులో. పనిమనిషిని కాల్చిన ముసలిది అన్న పేరు మోసుకుని వెళ్ళాలి ఇప్పుడు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం గదిలోకి వెళ్ళేను. పెట్టె సర్దేసి ఉంది, చాప ఇంకా చుట్టలేదు. మామ్మగారు నన్ను చూసి మేడమ్‌ని పిలిచింది. చాలాసేపు మెల్లిగా ఏదో చెప్పింది. మేడమ్ మాటలు వెతుక్కుంటూ నాకు చెప్పింది.

"అమ్మ అడుగుతోంది. వేడిగా ఉందా అని రోజూ అడిగేను, ఎందుకు చెప్పలేదు? మా ఇంట్లో పనిచేస్తున్నావని చెప్పలేకపోయావా?"

లోకమంతా నమ్మకపోతే పోనీ అనుకున్నాను. ఆవిడ కూడానా? మొదటిరోజు అవును మామ్మగారూ, మొదటిరోజు వద్దనలేకే కూర్చున్నాను. ఆ తర్వాత కాదు. ఆ తర్వాత నేనే పని త్వరగా ముగించుకుని వచ్చి కూర్చునేదాన్ని. మంట ఓర్చుకుంటేనే మందు పారుతుందని మా నాయనమ్మ చెప్పింది. ఇదంతా ఏ భాషలో చెప్పను? నాకొచ్చిన ఇంగ్లీషులో చెయ్యి బాగుంది, మామ్మగారు మంచిది, ఇంతవరకే ఉంది. నాయనమ్మా వాతా ఓర్పూ లేవు. చెప్పడానికి నోరు తెరిచి ఏడ్చేను. ఏడవడమే నా కొంప ముంచింది. నా ఏడుపు చూసి ఆవిడకి జవాబు దొరికేసినట్టు మొహం దించుకుంది.

నేను ఊరుకోలేదు. వెళ్ళి చాప మీద కూర్చుని, వీపు ఆవిడ వైపు తిప్పి, రవిక భుజం మీంచి దించేను. డబ్బా ఉన్న పెట్టె వైపు వేలు చూపించేను. ఇంకొక్కసారి కాల్చండి, ఈసారి చెబుతాను, కాలగానే చెబుతాను. మేడమ్ వద్దు వద్దంటోంది. మామ్మగారు వచ్చి నా వెనకాల కూర్చుంది. డబ్బా తియ్యలేదు. మచ్చల మీద అరచెయ్యి ఆనించింది, అంతే. వెచ్చగా ఉంది.

నేను నేర్చుకున్నానని, ఇకమీదట చెబుతానని ఆవిడకి తెలియాలి. నా దగ్గరున్న వాళ్ళ మాట అదొక్కటే.

"అత్సుయ్" అన్నాను.

ఆవిడ చటుక్కున చెయ్యి తీసేసుకుంది.