కన్నమ్మ పట్టుపురుగులు, నా స్ప్రేయర్

1984 అక్టోబర్. పాల్వంచ దాటాక, భద్రాచలం అడవులు మొదలయ్యే చోట ఒక పత్తి చేలో నా ప్రయోగం నడుస్తోంది. నాది ఆర్గానిక్ సింథసిస్, అంటే చిన్న అణువులను కలిపి కొత్త పదార్థాలు తయారుచేసే పని. పన్నెండేళ్ళు గాజు సామాను మధ్యే గడిపినవాణ్ణి. నాకు తెలియనిది లేదనే పొగరు బాగానే ఉండేది.

పురుగు ఒంట్లో జువెనైల్ హార్మోన్ అని ఒకటుంటుంది. అది ఉన్నంతకాలం పురుగు పిల్లగానే ఉండిపోతుంది, తగ్గితేనే రూపం మారుతుంది. బెంజీన్ వలయం ఉన్న ఒక అరోమాటిక్ పదార్థంతో నేను దానికి నకలు చేశాను. పత్తికాయలను పట్టే ఎర్ర పురుగుల మీద అది చల్లితే, అవి ఎదగలేక సంతతి లేకుండా పోవాలి. ఆ మందు సోంపు వాసన వేసేది.

చేను పక్కనే అడవి. అక్కడ కన్నమ్మ అనే కోయ ఇల్లాలు, అత్తతో కలిసి నల్లమద్ది చెట్ల మీద దసలి అనే అడవి పట్టుపురుగులు పెంచేది. పురుగులు చెట్టుమీద ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ తలకు నూనె రాసుకోరు. అది వాళ్ళ కట్టుబాటు, తప్పితే పంట పోతుందని నమ్మకం. ఆ వారం వానలు మొహం చాటేశాయి.

"సారూ, నీ మందు కొట్టే డబ్బా రెండ్రోజులు ఇస్తవా? ఆకు వాడిపోతున్నది, నీళ్ళు కొట్టుకుంట" అని కన్నమ్మ అడిగింది.

"కడిగి ఇస్తానమ్మా" అన్నాను. సబ్బుతో మూడుసార్లు కడిగి, ముక్కు పెట్టి చూశాను. వాసన పోతే గిన్నె శుభ్రమైనట్టేనని మా ప్రయోగశాలలో అలవాటు. వాసన లేదు, ఇచ్చేశాను.

పది రోజుల తర్వాత ఒక పొద్దున కన్నమ్మ అత్త మండిపడుతూ నా దగ్గరికి వచ్చింది. "పురుగులు గూడు కడ్తలేవు సారూ. తింటనే ఉన్నయ్, లావైతనే ఉన్నయ్. మా కోడలు చెల్లె పెండ్లిల తలకు నూనె పెట్టుకున్నది. పంటంత నాశనం జేసింది."

కన్నమ్మను నాలుగు రోజులుగా చెట్ల దగ్గరికి రానివ్వడం లేదట. ఆమె దూరంగా నిలబడి ఉంది. "ఒక్కసారే పెట్టుకున్న సారూ. గిట్లయితదని తెల్వది" అని కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంటికి పట్టుగూళ్ళు అమ్ముకోవడమే ఆధారం.

వెళ్ళి చూశాను. గూడు అల్లుకోవాల్సిన పురుగులు ఇంకా ఆకు కొరుకుతున్నాయి. చేలోని నా గుడిసెకు వచ్చి, కన్నమ్మ తిరిగిచ్చిన స్ప్రేయర్ విప్పాను. పంపు కడ్డీకి ఉండే తోలు వాషర్‌ను బ్లేడుతో కోస్తే లోపల సోంపు వాసన వచ్చింది. తోలు పీల్చుకున్న మందు కొంచెం కొంచెంగా ఆమె నీళ్ళలో దిగింది. హార్మోన్ పనిచేయడానికి ఆ కొంచెం చాలు.

నోరు విప్పితే నా ప్రయోగం ఆగిపోతుంది. మూసుకుంటే ఎవరికీ తెలియదు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, సాయంత్రం దాకా మూసుకునే ఉన్నాను. చివరికి ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను.

"అమ్మా, తప్పు నీ కోడలిది కాదు, నాది. నా డబ్బాలో మిగిలిన మందే పురుగుల్ని ఎదగనివ్వలేదు."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "నాలుగు దినాల సంది అది సరిగ్గ బువ్వ తింటలేదు. నీకు ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున" అన్నాను.

"పొద్దున తెలిస్తే ఇప్పుడు చెప్తున్నవా?"

ఆమె లోపలికి తిరిగి, "కన్నమ్మా, కొడవలి వట్టుకొని రా. పురుగుల్ని వేరే చెట్లకు మారుద్దాం" అని పిలిచింది. పురుగులున్న కొమ్మలు నరికి, నీళ్ళు కొట్టని చెట్లకు ఆనించాం. సగానికి పైగా పురుగులు చచ్చి కుళ్ళిపోయాయి. మిగిలినవి ఆలస్యంగానైనా గూళ్ళు కట్టాయి. నేను పైవాళ్ళకు ఉన్నదున్నట్టు రాశాను, ప్రయోగం ఆపేశారు.

ఆ తర్వాత మా ప్రయోగశాలలో ఏ పాత్ర కడిగినా, చివరిసారి కడిగిన నీళ్ళు ఒక బతికున్న పురుగు మీద వేసి, అది మామూలుగా రూపం మార్చుకున్నాకే శుభ్రమని రాసేవాళ్ళం. పనిలో నేర్చుకున్నది అది. మనిషిగా నేర్చుకున్నది వేరు. వాషర్ సంగతి ఎవరైనా పొరపాటు పడేదే. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా తప్పును కన్నమ్మ నెత్తిన తెలిసి తెలిసీ ఉంచాను. అది పొరపాటు కాదు.