నాయిన చదివిన రోమను నాణెం

మొన్న భూపాలపల్లిలో, మా అమ్మాయి వాళ్ళ ఇంటి దగ్గరి సామాన్ల కొట్టులో, ఒక పెళ్ళికి కానుకగా కొన్న స్టీలు బిందె మీద పేరు కొట్టించాను. కొట్టించాను అంటున్నానే గాని అక్కడ సుత్తె చప్పుడే లేదు. కొట్టాయన పేరు టైపు చేసి బిందెను యంత్రం కింద పెట్టాడు, నేను కళ్ళద్దాలు తుడిచి పెట్టుకునేలోపు అక్షరాలన్నీ ఒక్క వంకరైనా లేకుండా వచ్చేశాయి. పేరు చుట్టూ ఒక గుండ్రటి గీత కూడా పెట్టమని అడిగితే "గా డిజైను దీంట్ల లేదు సార్" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వానో చెప్పాలంటే జనగామలో మా నాయిన దుకాణానికీ, అక్కడి నుంచి రోమ్ దాకా కూడా పోయి రావాలి.

మా నాయినది అవుసుల పని. ఇంటి ముందు గదిలోనే కుంపటి పెట్టుకుని నగలు చేసేవాడు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఇత్తడి, కంచు సామాన్ల మీద పేర్లు కూడా కొట్టేవాడు. ఆయనకు చదువు రాదు. ఎవరైనా కాగితం మీద పేరు రాసిస్తే దాన్ని ముందు పెట్టుకుని, బొమ్మను చూసి బొమ్మ గీసినట్టు, చిన్న ఉలితో ఉన్నదున్నట్టు దించేవాడు. ఒకసారి ఒక బట్టల సేటు ఇంటివాళ్ళు పేరు రాసి పంపిన కాగితం మీద ఎవరో చాయ్ గ్లాసు పెట్టారట, అడుగు మరక గుండ్రంగా పడింది. మా నాయిన దాన్ని కూడా పన్నెండు పళ్ళేల మీద, ఎక్కడా తెగకుండా, పేరు చుట్టూ కొట్టి ఇచ్చాడు. సేటు పడీ పడీ నవ్వి, బాగుందని తీసుకుపోయాడు. ఆ తర్వాత ఊళ్ళో ఇంకొందరు తమకూ ఆ గీతే కావాలని వచ్చారు. అప్పుడు డిగ్రీ చదువుతున్న నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చాలా ఏళ్ళపాటు, మా నాయినకు అక్షరం ముక్క రాదన్న సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు.

తర్వాత మహబూబాబాద్ కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం వచ్చింది. మా అటెండరు తన బిడ్డ పెళ్ళికి వాళ్ళ తండాకు పిలిచాడు. పెళ్ళి సంగతి దేవుడెరుగు, నా కళ్ళు అతని తల్లి మెడ మీదే పడ్డాయి. వెండి రూపాయల హారం మధ్యలో ఒక పల్చటి బంగారు నాణెం, దాని మీద మనవాడు కాని ఒక రాజు మొహం, చుట్టూ మనవి కాని అక్షరాలు, మొహానికి దెబ్బ తగలకుండా తల పైన దారం కోసం రెండు కన్నాలు. రోమను నాణెం! రోమ్ వాళ్ళు మన మిరియాలకూ బట్టలకూ బంగారం ఇచ్చి పోయేవాళ్ళని పాఠం చెప్పడమే గాని, కంటితో చూసింది అదే మొదలు. ఆమె దాన్ని మెడలోంచి తీయనంది, పెళ్ళినాడు వేసుకున్నదట. సరేనని ఆమె ముందు కూర్చుని, పల్చటి కాగితం అదిమి పెన్సిలుతో రుద్ది, రాజును కాగితం మీదికి దించుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు నాకు తిండి సయించలేదు. లైబ్రరీలో ఉన్న చక్రవర్తుల పట్టికలన్నీ వెతికినా ఆ అక్షరాలు ఏ పేరుకూ కలవలేదు. పైగా రాజు మెడ మీద అడ్డంగా ఒక గీత. అది యుద్ధంలో తగిలిన గాయమనీ, ఈయన లోకానికి తెలియని చక్రవర్తి అనీ నేనే తీర్మానించుకుని, స్టాఫ్ రూములో చాటింపు వేసి, వరంగల్లులో జరిగే అధ్యాపకుల సభలో వ్యాసం చదువుతానని ఉత్తరం కూడా రాసేశాను. ఎంత తొందరో నాకు!

సభకు వారం ముందు జనగామ పోయినప్పుడు, మా నాయిన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, అసలు నాణెం చూడాలన్నాడు. ఆయన తండాకు వస్తే నా గుట్టు బయటపడుతుందని నాకు బెదురు, అయినా కాదనలేక ప్యాసింజరు ఎక్కించాను. అక్కడ ఆయన అటెండరు తల్లి ఎదుట కూర్చుని, హారాన్ని అరచేతిలోకి తీసుకుని, ఆ గీతను గోటితో గీరి చూశాడు.

"కొడుకా, గాటు పడితే లోపలికి పోతది. గిది పైకి లేచింది. గిది కావాలని చెక్కిన గీత. గాయం లేదు, గీయం లేదు."

మరేమిటని అడిగాను.

"గా రోమ్ వాళ్ళ అసలు నాణెం మీద ఎన్నడో గాటు పడ్డది. దాన్ని సూసి అచ్చు చెక్కినోనికి చదువు రాదు. గాటు గూడ రాతల ఉన్నదే అనుకున్నడు, దించిండు. నేను చాయ్ గీత కొట్టలేదా, గట్లనే." అలా అని అందరి ముందూ తనకు అక్షరం రాదని చెప్పి హాయిగా నవ్వాడు. "గీ రాజు ఏ దేశంల లేడురా. గీనె మన అవుసులోడు చేసిన రాజు."

నా చక్రవర్తి అంతటితో పోయాడు. ఆమె మొహం చిన్నబోయింది. "గట్లయితే నా సొమ్ము దొంగదా అన్నా?" అంది.

"దొంగది ఎట్లయితది చెల్లె? బంగారం అసలుదే, పని మనోనిది."

ఆమె హారం సర్దుకుంది. "ఇంక మంచిదే. ఎవలో పరాయి రాజును ఇన్నేండ్లు మెడల కట్టుకున్ననని రంది వెట్టుకుంటి" అంది. తండా తండా అంతా నవ్వింది, నేనైతే కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాను. అందులో కొన్ని నవ్వువల్ల వచ్చినవి కావు.

సభలో వ్యాసం చదివాను. రోమను నాణేలను చూసి మనవాళ్ళు చేసుకున్న నాణేలు అక్కడక్కడా దొరికాయని పెద్దలు చెప్పారు గాని, గాటును కూడా గౌరవంగా దించిన పనివాణ్ణి వాళ్ళెవరూ చూడలేదట. ఎలా కనిపెట్టావని అడిగితే, మా నాయినకు చదువు రాదు గనుక ఆయన చదివాడని మైకులో చెప్పాను. ఆ మాట గట్టిగా చెప్పడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు నాయిన లేడు, దుకాణమూ లేదు. ఆయన ఉలి, సుత్తె మాత్రం నా పెట్టెలో ఉన్నాయి. బిందె ఇంటికి తెచ్చాక, కాగితం మీద చాయ్ గ్లాసు పెట్టి మరక తీసి, దాన్ని చూస్తూ యంత్రం కొట్టిన పేరు చుట్టూ గీత కొట్టాను. రెండు చోట్ల తెగింది, ఒకచోట వంకర పోయింది. మా అమ్మాయి చూసి బిందె పాడు చేశావు బాపూ అంది. ఎన్నో ఏళ్ళకు ఆ బిందె ఏ మట్టిలోనో దొరికితే, ఆ గీత ఏమిటా అని ఎవరో మూడు నెలలు తిండి మానేసి తల బద్దలు కొట్టుకుంటారు, పాపం. ఇంటికి పోయి అడుగుదామంటే ఇది చాయ్ మరకరా అని చెప్పే నాయిన వాళ్ళకు దొరకడు.