సమ్లీ పెద్దమ్మ నిమ్మగడ్డి

మగవాణ్ణి ఎరగని ఆడది నిమ్మగడ్డిని తలకిందులుగా నాటితే వాన ఆగుతుందని మా దీవిలో నమ్మకం. ఆగకపోతే తప్పు ఆకాశానిది కాదు, ఆమెది. అరవై ఏళ్ల సమ్లీ పెద్దమ్మ నాటితే ఆగని వాన లేదు. పెళ్లికైనా చావుకైనా ఆమెనే పిలుస్తారు. ఆమె కాళ్లు కడుక్కుని, పరీక్షకు వెళ్లే పిల్లలా గంభీరంగా బయలుదేరుతుంది. ఇంట్లో ఒక గది అద్దెకిస్తుంది. ఈ వానల్లో వచ్చింది ఒక్క బ్యాంకాక్ టీచరే. రెండు రోజులూ పెద్దమ్మ పక్కన కూర్చుని రొయ్యలు ఒలుస్తూ కబుర్లు చెప్పింది. ఆమె వెళ్లిపోతే మళ్లీ ఎండలు వచ్చేదాకా ఆ ఇంట్లో రెండో కంచం ఉండదు.

మూడో రోజు పొద్దున పడవ నడిపే ప్రసోప్ వచ్చాడు. "పెద్దమ్మా, నీ గడ్డి నాటు. వాన తగ్గితే టీచరమ్మను అవతలి ఒడ్డున దింపేస్తా."

"నాటుతాలేరా, తొందరేముంది?"

"ఆగకపోతే ఊళ్లో ఏమంటారో తెలుసుగా," అని నవ్వాడు.

ఆమె కాళ్లు కడుక్కుని ఒంటరిగా పెరట్లోకి వెళ్లింది. సాయంత్రానికి వాన ఇంకా పెరిగింది. పడవ కదల్లేదు. కొట్టు దగ్గర ఊరికి మంచి కాలక్షేపం దొరికింది.

"ఎవరు పెద్దమ్మా ఆ అదృష్టవంతుడు?"

పెద్దమ్మ రెండు గుడ్లు కొనుక్కుని ఇంటికి నడిచింది. పెరట్లో ఆమె నాటిన నిమ్మగడ్డి వేళ్లు మట్టిలో, ఆకులు పైకి, మామూలు మొక్కలాగే హాయిగా తడుస్తోంది.