చివర నడిచేవాడి తువ్వాలు

ఆ ఆదివారం కొండ మీద నన్ను ఒక ప్రశ్న అడిగారు, "అందరూ వచ్చారా?" అని. "వచ్చారు" అన్నాను. నా భార్య రాలేదు. ఎక్కడో వెనక, పట్టీ ఊడిన చెప్పుతో, ఒంటరిగా ఉందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. మరిచిపోయాననో, చూసుకోలేదనో ఇప్పుడు రాసుకుంటే కాదనేవాళ్ళు లేరు. కాని అది మరుపు కాదు, కోపం. చేతకాని మగవాడి కోపం. ఇన్నేళ్ళ తర్వాత ఆ కోపం మీద నాకున్న కోపం మాత్రం పిసరంతైనా తగ్గలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చి, పోర్టులో గుమాస్తాగా కుదురుకున్నాను. మా సెక్షన్లో కొందరు ఆదివారాలు కొండలెక్కేవారు. వాళ్ళతో పాటు నేనూ చేరాను. పొద్దున్నే సిటీ బస్సెక్కి ఊరి చివర దిగేవాళ్ళం. పొలాల గట్ల మీదుగా, జీడిమామిడి తోటల్లోంచి ఏదో ఒక కొండ దాటి, అవతలివైపు రోడ్డు మీద మళ్ళీ బస్సెక్కి భోజనాల వేళకు ఇళ్ళకు చేరేవాళ్ళం. వారమంతా ఓడల చప్పుడూ, ఇనపఖనిజం ధూళీ తిన్నవాళ్ళకి అదొక పండగ.

మమ్మల్ని నడిపించే పెద్దాయన రిటైరైన గూడ్సు గార్డు. మొదటి ఆరాధన ముగించుకుని, చర్చికి వేసుకెళ్ళిన తెల్లచొక్కాతోనే వచ్చేసేవారు. మెడలో విజిలు. వయసుతో నిమిత్తం లేకుండా మా అందర్నీ బావా అనే పిలిచేవారు. ముందు ఆయన నడిచేవారు. చివర నడవడానికి వారానికొకర్ని పెట్టి, వాడి భుజం మీద ఒక ఎర్ర తువ్వాలు వేసేవారు. అది రైల్వే పద్ధతి. గూడ్సు బండి చివరి పెట్టె వెనక ఎర్ర దీపం ఉంటుంది. స్టేషన్లో నిలబడ్డవాడు ఆ దీపం కళ్ళారా చూస్తేనే బండి మొత్తం వచ్చిందని నమ్ముతాడు. దీపం కనబడలేదంటే మధ్యలో ఎక్కడో లింకు తెగి, కొన్ని పెట్టెలు వెనక ఉండిపోయాయన్నమాట. మా నడకలోనూ అంతే. తువ్వాలు ఉన్నవాడు ఎవర్నీ దాటకూడదు. ఎవరాగితే వాళ్ళ వెనక ఆగాలి. మలుపు దగ్గర తువ్వాలు కనబడ్డాకే పెద్దాయన విజిలు వేసి కదిలేవారు.

"తువ్వాలేసుకున్నోడికి తొందరేటి బావా? ఆడు ఆఖర్న రాడానికే వచ్చినోడు," అనేవారు.

తువ్వాలు నా వంతుకు వచ్చిన ఆదివారమే నా భార్యను తీసుకెళ్ళాను. కొండల గురించి వారాల తరబడి గొప్పలు చెప్పి నేనే రమ్మన్నాను. ఆమె గాజువాక వైపు పుట్టి పెరిగిన మనిషి. పిల్లల్ని తన తల్లి దగ్గర దింపి, చీర కాస్త ఎత్తి కట్టుకుని, ఇంట్లో తొడుక్కునే హవాయి చెప్పులతో బయల్దేరింది. నా కాళ్ళకు కాన్వాసు బూట్లున్నాయి. ఆమె కాళ్ళకేమున్నాయో నేను చూడలేదు.

గాజువాక దాటాక బస్సు దిగి కొండ మొదలుపెట్టాం. వానలు వెనకపట్టిన రోజులు. గడ్డి నడుమెత్తున ఉంది. సీతాఫలాల కాలం. ఆమె ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. కళ్ళు విచ్చిన కాయ కనబడితే కోసి సంచిలో వేసుకుంది. మేకలు కాసుకునే ఆవిడతో ఊరూ పేరూ అడిగి మాట్లాడింది. ఆమె వెనక నేను తువ్వాలేసుకుని నిలబడ్డాను. ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి అరిచారు.

"ఏటి బావా, ఈయేల గూడ్సేటి?"

"గూడ్సు కాదురా, పేసింజరు. సెట్టు సెట్టుకీ హాల్టు!"

నా భార్య నవ్వింది. "టిక్కెట్టు లేకండా ఎక్కినోలు మాటాడకూడదన్నయ్యా," అంది. వాళ్ళు ఇంకా నవ్వారు. అందరూ హాయిగా నవ్వుకుంటున్న చోట నాకు ఒళ్ళు మండింది. నా భార్య నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తోందనుకున్నాను. చేసింది వాళ్ళు. వాళ్ళ మీద కోపం తెచ్చుకునే ధైర్యం లేక, తిరిగి ఏమీ అనదని తెలిసిన మనిషి మీద తెచ్చుకున్నాను.

కొండ సగం ఎక్కాక ఆమె చెప్పు పట్టీ ఊడింది.

"ఉండండి. పిన్నీసు ఎట్టుకుంతాను."

"ఎన్నిసార్లు ఆగుతావు?"

"ఇదొక్కసారే. అయినా మీరే కదేటి ఆఖరోరు? మిమ్మల్ని ఒగ్గీసి ఎవులెల్తారు?"

"నువ్వు నడిచేసరికి తెల్లారుతుంది."

ఆమె తలెత్తి నా మొహం చూసింది. "అయితే మీరు ఎల్లండి. ఆ ఎర్రగుడ్డ సూసుకుంటా నాను వచ్చెత్తాను," అంది. అలిగి అన్న మాట కాదు. నిజంగానే, నాకు అడ్డం కాకూడదని అంది. నేను ఆమెను దాటి ముందుకు నడిచాను. ఒక్కసారి వెనక్కి చూశాను. పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని, చెప్పు ఒళ్ళో పెట్టుకుని వంగి కూర్చుంది. చూసి కూడా నడిచాను.

కొండ పైన అందరూ ఆగి నీళ్ళు తాగుతున్నారు. పెద్దాయన దూరం నుంచే నా భుజం మీద తువ్వాలు చూశారు.

"అందరూ వచ్చారా?"

"వచ్చారు."

ఆయన మళ్ళీ అడగలేదు. ఎందుకడుగుతారు? జీవితమంతా ఆ ఎర్ర దీపాన్ని నమ్మి బతికిన మనిషి. విజిలు వేశారు, దిగడం మొదలుపెట్టాం. ఆమె వచ్చి చూసుకుంటే ఎవరూ ఉండరు, అప్పటికి గాని బుద్ధి రాదు అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు. కాని నేననుకున్నది అదే.

ఆ కొండకు ఇంకో పక్క రాళ్ళ క్వారీ ఉంది. ఆదివారాలు అక్కడ పని ఉండేది కాదు. ఆ రోజు ఉంది. మేం కొంత దిగేసరికి అటువైపు నుంచి ఆగకుండా విజిలు వినబడింది. తర్వాత ఎవరివో కేకలు. తర్వాత పేలుడు. కాళ్ళ కింద నేల కదిలింది. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

పెద్దాయన ఆగి మా మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు.

"మీ యావిడేది బావా?"

"వెనక వస్తోంది."

"వెనకేటి? తువ్వాలు నీకాడుంటే నీ వెనక మనిషెలాగుంటాది?"

ఆయన అప్పటికే పైకి పరుగెడుతున్నారు. ఆ వయసులో అంత పరుగు ఎలా తీశారో! వెనక నేను. మేం పైకి చేరేలోపు ఇంకొకటి పేలింది. ఆ క్షణంలో నేను దేవుణ్ణి తలుచుకున్నాననుకుంటారేమో. లేదు. "వచ్చారు" అన్న మాట నా నోట్లోనే తిరుగుతూ ఉంది, ఉమ్మినా పోకుండా.

పైన దారి రెండుగా చీలుతుంది. ఒకటి మేం దిగినది. రెండోది క్వారీకి పోతుంది. ఆ రెండో దారి మొదట్లో, బండ మీద, కర్రకు కట్టిన ఎర్ర జెండా ఎగురుతోంది. అటు రావద్దు, మందు పేలుస్తున్నాం అని దాని అర్థం. దాన్ని చూడగానే పెద్దాయన "ప్రభువా" అన్నారు. నాకు ఇంకా అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది.

పేలుళ్ళు ఆగాక, క్వారీ వారన రేకుల పాక కింద రాళ్ళు కొట్టే ఆడవాళ్ళ మధ్య ఆమె కనబడింది. జుట్టు నిండా దుమ్ము. మోచెయ్యి గీసుకుపోయి నెత్తురు. ఒక కాలికి చెప్పు లేదు. సీతాఫలాల సంచి మాత్రం ఒళ్ళో ఉంది. బతికి ఉంది.

ఆ ఆడవాళ్ళలో పెద్దామె సుత్తి పక్కన పెట్టి లేచింది. "ఈవిడ మొగుడెవుడు?" అని, నా మొహం చూసి ఇంకొకర్ని అడగాల్సిన పని లేకుండా నా మీదికి వచ్చింది.

"నువ్వేనేటి? పెల్లాన్ని ఒగ్గీసి ఎలాగెల్పోనావయ్యా? విజిలేత్తంటే అందరూ అటు పరిగెడితే ఇది ఇటేపొచ్చీసింది! జెండా ఊపుతంటే నవ్వుకుంటా వొచ్చీసింది! సెయ్యట్టుకుని నానీడ్సకపోతే ఏటైపోయేది?"

నా భార్య నా వైపు చూడకుండా, మెల్లగా పెద్దాయనతో చెప్పింది. "ఎర్రగుడ్డ కనబడిందండి. విజిలు కూడా ఇనబడింది. ఈరు నా కోసం ఆగినారనుకున్నాను."

నేను తన కోసం ఆగాననుకుంది. నవ్వుకుంటూ వచ్చింది.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. మావాళ్ళలో ఒకడు, "ఆడోల్లని తెత్తే ఇదే బావా, సెప్పిన తోవలో రారు," అన్నాడు. నేను తలూపాను. అంతటితో ఆగలేదు. "చూసుకుని రమ్మని చెప్పాను," అన్నాను. ఆమె విన్నది.

పెద్దాయన ఆమె పక్కన కూర్చుని అడిగారు, "అమ్మా, నువ్వెక్కడున్నప్పుడు మీ ఆయన నిన్ను దాటేడు?" అని. చెప్పు పట్టీ ఊడిన చోటు ఆమె చెప్పింది. "అందరూ వచ్చారన్నాడమ్మా నాతో," అన్నారాయన. ఆయన లేచి నా భుజం మీది తువ్వాలు తనే తీసుకుని, మడిచి, తన సంచిలో పెట్టుకున్నారు. ముందు నడవడానికి ఇంకొకర్ని పంపి, ఆమె వెనక ఆయన నడిచారు, రోడ్డు వచ్చేదాకా.

బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. ఇంటికొచ్చి నీళ్ళు కాచుకుని మోచెయ్యి కడుక్కుంటూ అడిగింది.

"అందరూ వచ్చేరన్నారంట. నాను రాకండా అందరూ ఎలాగొచ్చీసినారు?"

జవాబు లేనప్పుడు ఏం చేసేవాణ్ణో అదే చేశాను. అరిచాను. అంతా ఈ కాయల వల్లే అని సంచి ఎత్తి పెరట్లోకి విసిరాను. పళ్ళు పగిలి గోడ పక్కన దొర్లాయి. ఆమె ఏడవలేదు. వెళ్ళి ఏరుకొచ్చి, మట్టి కడిగి, పగలనివి పిల్లలకు పెట్టింది. నాకు పెట్టలేదు.

మర్నాడు ఆఫీసులో అది కథయింది. ఎర్రజెండాకి ఎదురెళ్ళిన ఇల్లాలని ఒకటే నవ్వులు. ఒకడు నడిచి కూడా చూపించాడు. ఆ రోజు నేనూ నవ్వాను. నవ్వుతుంటే పెదాలు బిగుసుకుపోయాయి. ఈ వెధవలు ఎవర్ని చూసి నవ్వుతున్నారు? నన్ను చూసి కదా నవ్వాలి! వాళ్ళని చితక్కొట్టాలనిపించింది. కొట్టాల్సింది ఎవర్నో తెలిసి ఊరుకున్నాను.

మరుసటి ఆదివారం బస్సు స్టాపు దగ్గర అందరూ చేరాక చెప్పాను. ఆమె దారి తప్పలేదు, నేను వదిలేసి వచ్చాను, రాలేదని తెలిసే వచ్చారని అబద్ధం చెప్పాను, నడిచి చూపించేవాడు ఇకనుంచి నా నడక చూపించాలి అన్నాను.

"పోన్లే బావా, మొగుడూ పెల్లాలన్నాక..." అన్నాడొకడు.

"పోనివ్వడానికి నువ్వెవడివి?" అని వాడి మీద లేచాను. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు.

"బండి తెగిపోయిందని తెలిసి పచ్చజెండా ఊపేవు బావా," అన్నారు. "నా సర్వీసులో అలాగ ఊపినోణ్ణి సూళ్ళేదు. తువ్వాలు మళ్ళీ అడక్కు."

అడగలేదు. ఆ రోజు వాళ్ళతో నడవకుండా ఒక్కణ్ణే క్వారీకి వెళ్ళాను. ఆదివారమైనా ఆ పెద్దామె పాక దగ్గరే ఉంది. చేతులెత్తి దణ్ణం పెట్టాను. "నాకెందుకయ్యా దండాలు? ఆవిడకి ఎట్టుకో," అని, రేకు మీద ఎండుతున్న హవాయి చెప్పు తీసి నా ముందు పడేసింది. అప్పటికీ దానికి పిన్నీసు ఉంది.

ఆ చెప్పు పట్టుకుని ఇంటికొచ్చి, ఆఫీసులో నవ్వినదాకా అన్నీ నా భార్యకు చెప్పాను. ఆమె విని, "సరే," అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అది అడిగి తీసుకునేది కాదు.

రోడ్డు మీద నేను ముందు నడిస్తే, నా వెనక ఆమె రావడం మా ఇంట్లో పెళ్ళయిన నాటి నుంచీ ఉన్న అలవాటు. వెనక్కి తిరిగి చూసే పని నాకెప్పుడూ పడలేదు. ఆ వారం నుంచి ఆమెను ముందు నడవమన్నాను. "ఏటిది, జనం నవ్వుతారు," అంది. నవ్వారు. మార్కెట్లో ఆఫీసు వాళ్ళు ఎదురై, "ఏటి బావా, గార్డు డూటీయేటి?" అని అడిగారు. అవునన్నాను.

ఆమె ఇప్పటికీ ప్రతి బండి దగ్గరా ఆగుతుంది. వంకాయలు బేరం చేస్తుంది, కొనకుండా వదిలేస్తుంది. నాకు ఇప్పటికీ గొంతులోకి కోపం వస్తుంది. రాదని చెబితే ఇంకో అబద్ధం అవుతుంది. సంచి పట్టుకుని వెనక నిలబడతాను. కొంత దూరం నడిచాక ఆమె ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది. ప్రేమగా చూసే చూపు కాదు, ఉన్నానో లేదో చూసుకునే చూపు.

"ఉన్నాను," అంటాను.

మళ్ళీ నడుస్తుంది.